నల్లా దాంక

సర్కిల్ ఆఫీసు గోడకు కొత్త వార్డుల పటం అంటించిన రోజు నుంచి భానుశ్రీకి ఒక్కపూట కూడా స్థిమితంగా అన్నం తినే యోగం లేకపోయింది. చుట్టుపక్కల మునిసిపాలిటీలన్నీ కలుపుకుని నగరం గ్రేటర్ అయ్యాక వస్తున్న మొదటి ఎన్నికలవి. ఊరంతటినీ కొత్తగా వార్డులు చేసి, ఇదిగో ఇలా గీశాం, అభ్యంతరాలుంటే చెప్పుకోండి అని జనాన్ని పిలిచారు. పిలిస్తే జనం రాకుండా ఉంటారా? అపార్ట్‌మెంట్ల వాళ్లు వచ్చారు. కాలనీ సంఘాల వాళ్లు వచ్చారు. తన వీధిని అవతలి వార్డులో వేశారని ఒక పెద్దమనిషి గొడుగుతో బల్ల మీద కొట్టి మరీ వెళ్లాడు. వచ్చినవాళ్ల మాటలు రాసుకోవడం భానుశ్రీ పని.

ఆమె కాకినాడ నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. మధురానగర్ హాస్టల్లో జావా, ఒరాకిల్ నేర్చుకునే ఆడపిల్లల మధ్య ఒక మంచం ఆమెది. వాళ్లంతా రాబోయే ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటుంటే, తనకు ఉద్యోగం ఉందన్న సంగతి భానుశ్రీకి లోపల్లోపల బాగానే ఉండేది.

"మేడం, గీ లైను తప్పు పడ్డది."

భానుశ్రీ తలెత్తింది. ఎదురుగా యాభై దాటిన మనిషి. ముంజేతుల దాకా పిండి చారలున్నాయి. కడుక్కుని వచ్చింది గాని తొందరలో కడుక్కున్నట్టుంది.

"మీదే బస్తీ అండీ?"

"సున్నంబట్టి బస్తీ. నన్ను గుర్తువట్టలే? మొన్న మీరు సారుతోని వచ్చినప్పుడు మజ్జిగ సుత ఇస్తి గదా. చంద్రమ్మ. హాస్టళ్లకు జొన్నరొట్టెలు చేసిస్త."

ఎందుకు గుర్తులేదు! ఆ ఎండలో ఆ మజ్జిగ లేకపోతే భానుశ్రీ అక్కడే పడిపోయేది. హద్దులు రాసుకోవడానికి సూపరింటెండెంట్ శాంతిరాజుగారితో కలిసి వెళ్లిన రోజది. ఆయనకు ఏదో ఫోనొస్తే దూరంగా నీడకు వెళ్లిపోయాడు. మీ బస్తీ ఎక్కడి వరకండీ అని భానుశ్రీ అడిగింది, చంద్రమ్మ చెయ్యి చాపి చెప్పింది, భానుశ్రీ రాసుకుంది.

"మీరు చెప్పిందే కదండీ మేం రాసింది?"

"నేనేం చెప్పిన? నల్లా దాంక మాదే అని చెప్పిన."

"అదే రాశామండీ. నాలా వరకు అని."

"గట్ల రాస్తే, మరి గా మూడు గల్లీలు అవతలికి ఎట్ల పోయినయ్?"

భానుశ్రీకి చిరాకేసింది. చెప్పేదీ వీళ్లే, మళ్లీ తప్పు పట్టేదీ వీళ్లే. లేచి పటం దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించింది. "ఇదిగోండి నాలా. దీనికి ఇటువైపంతా అమీర్‌పేట పక్క వార్డు. అటు మూడు సందులూ పంజాగుట్ట పక్క వార్డు. మీరు చెప్పినట్టే ఉంది కదా?"

చంద్రమ్మ ఆ నీలం గీతనూ, దాని వెంబడే పోయిన ఎర్ర గీతనూ చాలాసేపు చూసింది. తర్వాత రొట్టె తట్టే కుడి అరచేతిని రెండు గీతల మీదా కప్పి పెట్టింది. "గిదంత ఒక్కటే బస్తీ మేడం," అంది. ఆ చెయ్యి తీస్తే చిన్న పిండిమరక మిగిలింది.

ఆమె వెళ్లాక శాంతిరాజుగారు కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వాడు. పుట్టి పెరిగింది ఎర్రగడ్డలోనే కాబట్టి ఆయనకు ఈ చుట్టుపక్కల తెలియని మనిషి లేడు.

"ఓట్ల బాధ అమ్మా. ఈసారి చంద్రమ్మ కార్పొరేటర్‌కు నిలబడుతదట. మూడు గల్లీలు పోతే ఓట్లు పోతయ్ గదా, అందుకే వచ్చింది. అయినా అభ్యంతరం అభ్యంతరమే. ఎల్లుండి విచారణ. రేపు పొద్దుగాల నువ్వొకసారి పోయి చూసి రా."

ఓట్ల కోసమా ఇదంతా అనుకుంది భానుశ్రీ. మజ్జిగ రుచి కూడా కాస్త తగ్గినట్టనిపించింది.

*

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. అమీర్‌పేట అప్పటికే లేచి కూర్చుంది. కోచింగ్ సెంటర్ల ముందు కుర్రాళ్లు బ్యాగులు ముందుకు తగిలించుకుని నిలబడి ఉన్నారు. నడిచే ప్రతివాడి చేతిలోనూ ఏదో ఒక కోర్సు కరపత్రం పెడుతున్నారు. భానుశ్రీ చేతిలోనూ రెండు పడ్డాయి. హాస్టళ్ల వెనక సందులోకి తిరిగేసరికి ఆ గోలంతా వెనకపడింది. నాలా మురుగు వాసన ముందుగా పలకరించింది.

నాలా మీద నాపరాళ్లు పరిచిన చిన్న దారి. అది దాటితే పటంలో అవతలి వార్డుకు పోయిన మూడు గల్లీలు. ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టున్నాయి. రేకుల కప్పు మీద సిలువ పెట్టుకున్న చిన్న ప్రార్థన మందిరం ఒకటి. గల్లీల చివర, పెద్ద అపార్ట్‌మెంటు ప్రహరీ మొదలయ్యే చోట, ఆడవాళ్లంతా గుమిగూడి ఉన్నారు. అందరికంటే గట్టిగా రెండు గొంతులు వినబడుతున్నాయి. వాటిలో ఒకటి చంద్రమ్మది.

"నా బిందె జరిపింది ఎవరు? నువ్వే జరిపినవ్!"

"జరిపిన. పొద్దున పెట్టి పోయి రొట్టెలు చేసుకుంట కూసుంటె, నీ బిందెకు మేము కాపలా ఉండాలెనా?" అన్న రెండో మనిషి పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఆయా అని తర్వాత తెలిసింది. పేరు దేవమణి. తెల్లచీర కట్టుకుని, డ్యూటీకి పోవడానికి తయారై, నీళ్ల కోసం ఆగింది. ఆమె ముందు నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి దర్జాగా కూర్చుని ఉంది.

"నీ డ్రమ్ము నిండేసరికి మా ఇండ్లల్ల తెల్లారుతది!"

"తెల్లారనీ. అవతలి ఒడ్డుకెళ్లి ఏడువు!"

ఆ తిట్లలో రాసుకోదగినవి తక్కువ. పక్కనున్న ఆడవాళ్లకు ఇది రోజూ ఉండేదే కాబోలు, ఎవరూ అడ్డుపడలేదు. తిట్టుకుంటూనే చంద్రమ్మ వంగి దేవమణి డ్రమ్ములోకి పైపు సరిగ్గా పెట్టింది. దేవమణి తిట్టుకుంటూనే చంద్రమ్మ నిండు బిందెను ఎత్తి ఆమె నడుం మీద కుదిర్చింది. నోళ్ల పని నోళ్లది, చేతుల పని చేతులది.

"జల్ది పట్టున్రి, నల్లా బంద్ అయితది!" అని ఎవరో అరిచారు.

భానుశ్రీకి అర్థం కాలేదు. వెనక్కి తిరిగి దూరంగా పారుతున్న నల్లటి నీళ్ల వైపు చూసింది. "నాలా ఎలా బంద్ అవుతుందండీ?"

చంద్రమ్మ నడుం మీది బిందెతోనే ఆమెకేసి వింతగా చూసింది. "నాలా కాదు బిడ్డా. నల్లా. గిదే నల్లా." గుడ్డపేలిక చుట్టిన ఇత్తడి కుళాయి మీద ఆమె అరచెయ్యి పడింది. "మీ దిక్కు దీన్నేమంటరు?"

"కుళాయి," అంది భానుశ్రీ. ఆ మాట పూర్తయ్యేలోపే తను రాసిన కాగితం గుర్తొచ్చింది.

కాకినాడలో కుళాయి. హాస్టల్లో ట్యాప్. నీళ్ల శాఖ ఆఫీసు వేరు కాబట్టి తన బల్ల దగ్గరికి నల్లా అన్న మాట ఎప్పుడూ రాలేదు. నాలా మాత్రం చేరిన మొదటి వారమే వచ్చింది. నాలాలో పూడిక, నాలా మీద కబ్జా, రోజూ అదే గొడవ. ఆ రోజు చంద్రమ్మ చెయ్యి చాపిన దిక్కున కళ్లకు కనబడింది నాలాయే. ఈ ఊరివాళ్లు నాలాను నల్లా అని పలుకుతారు కాబోలు అనుకుని, ఆ యాసను దిద్ది మరీ కాగితం మీద పెట్టింది తను. దిద్దినందుకు మనసులో తనను తానే చిన్నగా మెచ్చుకుంది కూడా. ఆ దిద్దుబాటుకి మూడు గల్లీల జనం వార్డు దాటిపోయారు.

"నేను... మీరు నాలా అన్నారనుకున్నానండీ," అంది.

చంద్రమ్మకు ఒక్క నిమిషం పట్టింది. తర్వాత నవ్వు మొదలైంది. బిందెలో నీళ్లు తొణికి కాళ్ల మీద పడేదాకా నవ్వింది. "ఓరి దేవుడా! దేవమణీ, ఇన్నవా? నల్లాను నాలా చేసింది ఈ పిల్ల!" దేవమణి కూడా నవ్వబోయి, ఎవరితో కలిసి నవ్వుతున్నానో గుర్తొచ్చి మూతి బిగించింది.

భానుశ్రీ కళ్లలో నీళ్లు చూసి చంద్రమ్మ నవ్వు ఆపింది. చెయ్యి పట్టుకుని ప్రహరీ వెంబడి పక్కకు తీసుకెళ్లి బిందె దించింది.

"నీ నౌకరికేమన్న అయితదా?"

"ప్రొబేషన్‌లో ఉన్నానండీ. ఇలాంటి తప్పు బయటపడితే..."

చంద్రమ్మ పైటకొంగుతో ముంజేతులు తుడుచుకుంది. "మా లైను మాకు గావాలె బిడ్డా. ఎందుకో చెప్త, ఇను. గీ నాలా మా బస్తీ నడుమ ఉంటే, నిండినప్పుడు అందరం పోయి ఒక్క కార్పొరేటర్ గల్లా పట్టుకుంటం. అదే హద్దయిందనుకో, గీ కార్పొరేటర్ గా కార్పొరేటర్‌ది అంటడు, గాయన గీయనది అంటడు. పూడిక ఎవరు తీస్తరు? నిరుడు ఆగస్టుల వానకు ఈ మూడు గల్లీలల్ల నడుము లోతు నీళ్లు. అటు దిక్కు ఆఫీసు నుంచి ఒక్క మనిషి వస్తడా? మధ్యల మెయిన్ రోడ్డాయె." ఆమె బిందె మళ్లీ నడుం మీదికెత్తుకుంది. "నీ సంగతి ఆఫీసుల నేనెవ్వరికీ చెప్ప. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

*

మైత్రీవనం కూడలి దాకా నడిచి వచ్చేసరికి ఇరానీ హోటల్ ముందు ఒక యువకుడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "నమస్తే మేడం. ప్రమోద్. చంద్రమ్మ మా మేనత్త. ఆమె ఎన్నికల పని మొత్తం నేనే చూస్తున్న."

భానుశ్రీ ఆగింది.

"మా అత్త పిచ్చిది మేడం. గా మూడు గల్లీల దాదాపు తొంబై ఇండ్లు. అన్నీ దేవమణి మాట మీద నడిచేటివే. మా అత్తకు ఒక్క ఓటు సుత పడది. మీరు గీసిన లైను మస్తు లైను మేడం, ఎవరు గీసిండ్రో గని దండం పెట్టాలె. అటు గల్లీలు పోతే మా అత్త కండ్లు మూసుకుని గెలుస్తది. ఇటు కలిస్తే ఓడిపోయినట్టే. రేపు విచారణల జర నాలా లైనే ఖాయం చేయిన్రి. నేను అత్తకు సముదాయిస్త."

నిన్న ఆఫీసులో చంద్రమ్మను ఓట్ల మనిషి అనుకున్నందుకు భానుశ్రీ చెవులు వేడెక్కాయి. ఓట్లు పోతాయని తెలిసి, గెలిపించే గీతను చెరిపెయ్యమని వచ్చిందన్నమాట ఆ మనిషి. అదీ తెల్లారి లేస్తే తిట్టిపోసే దేవమణి కోసం.

ఆ సాయంత్రమంతా ఆమె బుర్ర రెండుగా చీలిపోయింది. నోరు మూసుకుని కూర్చుంటే ఎంత సుఖం! గీత నిలబడుతుంది, ఉద్యోగం నిలబడుతుంది, చంద్రమ్మ గెలుస్తుంది కూడా. తప్పు చేసినవాళ్లకు ఇంత అనుకూలంగా ఏదీ అమరదు. పక్క మంచం అమ్మాయి ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పడుతోంది. మీ బలహీనత ఏంటి అన్న ప్రశ్నకు మూడు జవాబులు తయారు చేసుకుంది. భానుశ్రీకి తన ప్రశ్నకు ఒక్కటీ దొరకలేదు.

*

విచారణ ఆఫీసు మేడ మీద హాల్లో జరిగింది. డిప్యూటీ కమిషనర్ పొడిపొడిగా మాట్లాడే మనిషి, ఎవరి మాటా మధ్యలో ఆపడు, ఎవరికీ తొందరగా తల ఊపడు. సున్నంబట్టి బస్తీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చంద్రమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. దేవమణి కూడా వచ్చింది, ఎందుకొచ్చిందో ఆమెకే తెలియాలన్నట్టు చివరి వరసలో కూర్చుంది. వెనక గోడకు ఆనుకుని ప్రమోద్.

చంద్రమ్మ నాలా గురించి చెప్పింది. పూడిక గురించి, నిరుటి వాన గురించి చెప్పింది. పెద్దాఫీసరు ముందని గొంతు తగ్గించలేదు.

"అంతా బాగానే ఉందమ్మా," అన్నాడు డిప్యూటీ కమిషనర్ కాగితం తిప్పుతూ. "కానీ మీరు పోటీ చేస్తున్నారట కదా. ఆ మూడు గల్లీలు కలిస్తే మీకు ఓట్లు పెరుగుతాయనే కదా ఈ అభ్యంతరం?"

"పెరుగుడేంది సార్, పోతయ్!" వెనకనుంచి ప్రమోద్ ఉండబట్టలేక అరిచాడు. "ఉన్నయి సుత పోతయ్! చెప్తే ఇంటలేదు సార్ మా అత్త!"

హాలంతా నవ్వింది. ప్రమోద్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గాని అప్పటికే మాట దాటిపోయింది. డిప్యూటీ కమిషనర్ మొదటిసారి కాగితం కింద పెట్టి చంద్రమ్మను చూశాడు. "నిజమేనా?"

"నిజమే సార్. ఆమె ఎయ్యది." చంద్రమ్మ చివరి వరస వైపు గడ్డం ఎగరేసింది. "ఎయ్యకపోతే బస్తీ కాకుండ పోతదా?"

ఆయన దేవమణిని లేవమన్నాడు. "మీకు ఏ వార్డు కావాలమ్మా?"

దేవమణి తెల్లచీర కొంగు సర్దుకుంది. "నాకు ఈమె మొకం చూడబుద్ధి కాదు సార్. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. గని నిరుడు నీళ్లొచ్చిన రోజు నేను డ్యూటీల ఉన్న. నా పిల్లలను ఎత్తుకపోయింది ఈమెనే. నీళ్లు గుంజేదాంక ఈమె ఇంట్లనే పండుకున్నరు. నాకు తిట్టేటందుకు ఈమెనే గావాలె సార్, కొత్తోళ్లు వద్దు." అని కూర్చుంది.

డిప్యూటీ కమిషనర్ పెదవులు కొంచెం కదిలాయి. "కానీ ఒక చిక్కుంది. క్షేత్ర పరిశీలనలో స్థానికులే 'నాలా వరకు' అని చెప్పినట్టు ఉంది. మీ మాట మీదే గీసిన గీత ఇది. ఇప్పుడు కాదంటే ఎలా?"

చంద్రమ్మ భానుశ్రీ వైపు చూడలేదు. చూడకూడదని గట్టిగా అనుకున్నట్టు ఎదురుగా ఉన్న గోడనే చూసింది. "మేమే సక్కగ చెప్పలేదేమో సార్. చదువు లేనోళ్లం. నోట్లె ఒకటుంటది, ఇంకొకటి వస్తది."

జీవితంలో ఒక్కమాటను కూడా మింగని మనిషి, తప్పు తనదని చెప్పింది. భానుశ్రీ కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"కాదు సర్. వాళ్లు సరిగ్గానే చెప్పారు. నేనే సరిగ్గా వినలేదు." నల్లా అన్నదీ, తను నాలా అనుకున్నదీ, యాసను దిద్దినదీ, అంతా చెప్పింది. "నల్లా ప్రహరీ పక్కన ఉంది సర్. మూడు గల్లీలూ దానికి ఇవతలే. తప్పు నాది."

హాల్లో ఎవరూ నవ్వలేదు. శాంతిరాజుగారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"జనాభా లెక్క సరిపోతుందా?" అని ఆయన్ని అడిగాడు డిప్యూటీ కమిషనర్.

"సరిపోతది సర్. రెండు వార్డులూ పరిమితి లోపలే ఉంటయ్."

"అయితే హద్దు మారుద్దాం. అపార్ట్‌మెంటు ప్రహరీ దగ్గర ఉమ్మడి కుళాయి వరకు అని రాయండి." ఆయన భానుశ్రీ వైపు తిరిగాడు. "మీరు మాత్రం సంజాయిషీ ఇవ్వాలి."

"ఇస్తాను సర్."

"సార్, జర ఆగున్రి," అంది చంద్రమ్మ. "కుళాయి గిళాయి వద్దు. నల్లా అనే రాయిన్రి. మల్ల ఇంకెవరన్న వచ్చి దిద్దుతరు."

ఈసారి డిప్యూటీ కమిషనర్ కూడా నవ్వాడు. నల్లా అనే రాయించాడు.

మెట్లు దిగుతుంటే శాంతిరాజుగారు భానుశ్రీ పక్కకు వచ్చాడు. "ఆ రోజు ఫోన్ పట్టుకుని నీడకు పోయింది నేను. కాగితం కింద సంతకం సుత నాదే ఉంది. సంజాయిషీ ఇద్దరం కలిసి రాద్దామమ్మా," అన్నాడు.

*

రెండు రోజుల తర్వాత సవరించిన పటం గోడకెక్కింది. ఎర్రగీత నాలాను వదిలేసి, మూడు గల్లీలను చుట్టి, ప్రహరీ పక్కకు వెళ్లి ఆగింది. ఎవరూ పంపకపోయినా మర్నాడు పొద్దున్నే భానుశ్రీ సున్నంబట్టి బస్తీకి వెళ్లింది. చెప్పి రావాలనిపించింది. చంద్రమ్మను ఇంకోసారి చూడాలని కూడా ఉంది, ఆ మాట దాచడం దేనికి.

నాపరాళ్ల దారి దాటకముందే తిట్లు వినబడ్డాయి. నీలం డ్రమ్ము నల్లా కిందే ఉంది. చంద్రమ్మ బిందె వెనక వరసలో ఉంది. భానుశ్రీ కబురు చెప్పింది. బిందెల దగ్గరున్న ఆడవాళ్లంతా ఒక్కసారి ఓహో అన్నారు.

దేవమణి మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని చంద్రమ్మ ముందుకొచ్చింది. "లైను మారిందని సంబురపడకు. నేను చెప్తున్న, నా ఓటు నీకు ఎయ్య. మా గల్లీలల్ల ఒక్కరు సుత ఎయ్యరు."

"ఎయ్యకు," అంది చంద్రమ్మ.

"ఓడిపోతవ్."

"ఓడిపోత తియ్." చంద్రమ్మ బిందె ఎత్తుకుంది. "ఎవరికన్న ఏస్కో నీ ఓటు. గని ఈడనే ఉండి ఏస్కో."

దేవమణి అటూ ఇటూ చూసి, సగమే నిండిన తన నీలం డ్రమ్మును రెండు చేతులా పట్టుకుని పక్కకు జరిపింది.

చంద్రమ్మ బిందెను నల్లా కింద పెట్టింది.